నయోమీ ఒరెస్కెస్: గనిలోంచి శాస్త్ర చరిత్రలోకి (తరచుగా అడిగే ప్రశ్నలు)

భూగర్భ శాస్త్రం చదివేవాళ్లకు ఒరెస్కెస్ అంటే ఖండ చలనం మీద పుస్తకం రాసిన ఆవిడ. వాతావరణ మార్పు గురించి వాదించుకునేవాళ్లకు పొగాకు కంపెనీల గుట్టు విప్పిన ఆవిడ. ఖనిజాల అన్వేషణలో ఉన్నవాళ్లలో కొందరికి ఆమె ఒక ఆస్ట్రేలియా గని మీద రాసిన వ్యాసం ద్వారా తెలుసు. ముగ్గురూ ఒకరేనని తెలియక అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ ఒకచోట జవాబులు రాశాను. కొన్నింటికి ఎక్కువ చోటు పట్టింది, కొన్నింటికి రెండు వాక్యాలు చాలాయి.

ఒక్క ముక్కలో, ఎవరీమె?

అమెరికాకు చెందిన భూగర్భ శాస్త్రవేత్త, శాస్త్ర చరిత్రకారిణి. 2013 నుంచి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శాస్త్ర చరిత్ర ఆచార్యులు. అంతకు ముందు పదిహేనేళ్లు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో ప్రాంగణంలో, దానికి ముందు డార్ట్‌మత్ కాలేజీలో, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు.

ఎక్కడ పుట్టారు, ఏం చదివారు?

1958 నవంబరులో న్యూయార్క్‌లో పుట్టారు. అక్కడి స్టైవసెంట్ హైస్కూలులో చదివాక అట్లాంటిక్ దాటి లండన్ వెళ్లారు. ఇంపీరియల్ కాలేజీలోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో 1981లో మైనింగ్ జియాలజీ డిగ్రీ పూర్తిచేశారు. తర్వాత ఆస్ట్రేలియాలో ఉద్యోగం. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్, 1990లో. ఆ డాక్టరేటే కాస్త విచిత్రమైనది: భూగర్భ పరిశోధన, శాస్త్ర చరిత్ర రెండూ కలిపి చేయడానికి ప్రత్యేకంగా అనుమతి తీసుకున్న కోర్సు. ఒక కాలు ప్రయోగశాలలో, ఒక కాలు పాత కాగితాల గదిలో. ఆ తర్వాత ఆమె చేసిన పనంతా అలాగే సాగింది.

నిజంగా గనిలో పనిచేశారా, లేక పేరుకే భూగర్భ శాస్త్రవేత్తా?

నిజంగానే. వెస్టర్న్ మైనింగ్ కార్పొరేషన్‌లో, దక్షిణ ఆస్ట్రేలియా ఎడారి అంచున ఉన్న ఒలింపిక్ డ్యామ్ నిక్షేపం దగ్గర పనిచేశారు. రాగి, యురేనియం, బంగారం, వెండి ఒకేచోట దొరికే అపారమైన నిక్షేపం అది.

పేరు విని అక్కడేదో పెద్ద ఆనకట్ట ఉందనుకుంటారు. లేదు. గొర్రెలు, పశువులు నీళ్లు తాగడానికి ఒక పశుక్షేత్రంలో తవ్విన కుంట అది. ఆస్ట్రేలియాలో అలాంటి కుంటనే డ్యామ్ అంటారు. తవ్విన సంవత్సరం 1956, మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది. అందుకని ఆ పేరు. మన ఊళ్లలో ఎలక్షన్ల ఏడాది వేసిన బోరును ఎలక్షన్ బోరు అన్నట్టు.

కుంట పక్కన నేల చూస్తే కింద ఏమీ ఉన్నట్టు కనిపించదు. ఖనిజం మూడు వందల మీటర్లకు పైగా లోతులో, ఏ సంబంధమూ లేని పొరల కింద దాగి ఉంది. కంపెనీ వాళ్లు ఒక సిద్ధాంతం పట్టుకుని వెతికారు: పాత బసాల్ట్ రాళ్లలోంచి రాగి కరిగి బయటికి వచ్చి, పైనున్న అవక్షేప పొరల్లో చేరి ఉంటుందని. గురుత్వ, అయస్కాంత కొలతల్లో తేడా ఉన్నచోట 1975లో బోరు వేస్తే రాగి తగిలింది. తీరా తవ్వుతూ పోతే, ఆ సిద్ధాంతం చెప్పిన రకం నిక్షేపం అది కాదని తేలింది. దారి తప్పుగా అడిగి ఊరు సరిగ్గా చేరినట్టయింది.

దొరికిన రాయి బ్రెక్షియా. అంటే పగిలిన రాతి ముక్కలు మళ్లీ అతుక్కుని గట్టిపడినది. బోరులోంచి తీసిన రాతి కడ్డీని చేతిలోకి తీసుకుంటే ఎర్రటి ఇనుప ఖనిజం హెమటైట్‌లో లేత గులాబీ గ్రానైటు ముక్కలు ఇరుక్కుని కనిపిస్తాయి. అవి వరదల్లో కొట్టుకొచ్చి పేరుకున్న ముక్కలని మొదట అనుకున్నారు. కాదు, లోపలి వేడి ద్రవాలు గ్రానైటును అక్కడికక్కడే బద్దలుకొట్టి, తినేసి, ఆ చోట ఇనుమును నింపాయని ఒరెస్కెస్, స్టాన్‌ఫర్డ్‌లో ఆమె గురువు మార్కో ఐనౌడీ 1990లో వాదించారు. 1992లో ముర్రే హిట్జ్‌మన్‌తో కలిసి ఆ ఇద్దరూ రాసిన మరో వ్యాసం, ఐరన్ ఆక్సైడ్ రాగి–బంగారు నిక్షేపాలు ఒక ప్రత్యేక తరగతి అన్న ఆలోచనకు పునాదుల్లో ఒకటి. ఖనిజాన్వేషకులు ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తారు. కాబట్టి ఆమెను రాయి ముట్టుకోని విమర్శకురాలని కొట్టిపారేసేవాళ్లు ఈ వ్యాసాలు ఒకసారి తిరగేస్తే మంచిది.

అంత బాగా సాగుతున్న పని వదిలి చరిత్రలోకి ఎందుకు వెళ్లారు?

ఆమెను లాగింది ఒక తేడా. అమెరికాలో ప్లేట్ టెక్టానిక్స్, అంటే భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి కదులుతుందన్న సిద్ధాంతం, 1960లలో వచ్చిన విప్లవం. అంతకు ముందు ఖండాలు కదులుతాయన్నవాణ్ని తరగతిలో నవ్వులపాలు చేసేవారు. లండన్‌లో అలా లేదు. అక్కడి అధ్యాపకుల తరం ఆర్థర్ హోమ్స్ 1944లో రాసిన పాఠ్యపుస్తకంతో పెరిగింది. దాని చివరి అధ్యాయం ఖండ చలనం గురించే. ఒకే శాస్త్రం, ఒకే ఆధారాలు, ఒకే భాష. అయినా సముద్రానికి ఈ ఒడ్డున అర్థవంతమైన ఊహ, ఆ ఒడ్డున పిచ్చిమాట. ఇదెలా సాధ్యం? రాయిని ఎంత పరీక్షించినా ఈ ప్రశ్నకు జవాబు రాదు. పరీక్షించాల్సింది మనుషుల్ని.

ఖండాలు కదులుతాయన్న వెగెనర్‌ను నమ్మకపోవడానికి కారణం ఖండాలు ఎలా కదులుతాయో చెప్పలేకపోవడమే అని చదివాం. అది తప్పా?

డిగ్రీ నోట్సుల్లో ఇప్పటికీ అదే వాక్యం ఉంటుంది. నేనూ పరీక్షలో అదే రాశాను, మార్కులు కూడా వచ్చాయి. 1999లో వచ్చిన ‘ది రిజెక్షన్ ఆఫ్ కాంటినెంటల్ డ్రిఫ్ట్’ చదివాకే ఆ మార్కుల మీద అనుమానం మొదలైంది.

జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండ చలనాన్ని 1912లో ప్రతిపాదించాడు, 1915లో పుస్తకం వేశాడు. ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి తెలంగాణ బొగ్గు గనుల దగ్గర ఎవరైనా చూడగలిగేదే. గోదావరి లోయలో బొగ్గు పొరల మధ్య వచ్చే నల్లటి పలకరాయిని సుత్తితో నెమ్మదిగా తడితే పొరలు విడిపోతాయి. ఒక్కోసారి లోపల నాలుక ఆకారంలో ఆకు ముద్ర ఉంటుంది: నడిమి ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు. అది గ్లోసోప్టెరిస్. అదే ఆకు దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో దొరుకుతుంది. ఆ చెట్టు సముద్రాలు ఈదలేదు కదా. ఆ రాళ్లకు గోండ్వానా అన్న పేరు కూడా మన గోండుల నేల నుంచి వెళ్లిందే.

మరి ఎలా కదిలాయన్న ప్రశ్నకు జవాబులు లేవా అంటే, ఉన్నాయి. ఐర్లండ్‌లో జాన్ జోలీ, రేడియోధార్మిక వేడి పోగుపడి లోపలి పొర అప్పుడప్పుడు కరుగుతుందన్నాడు. హార్వర్డ్‌లోనే రెజినాల్డ్ డేలీ, ఖండాలు వాలు మీద జారతాయన్నాడు. హోమ్స్ 1920ల చివర్లోనే, భూమి లోపల రాయి పాయసంలా నెమ్మదిగా మరుగుతూ పైకీ కిందికీ తిరుగుతుందని, ఆ ప్రవాహమే ఖండాలను మోసుకుపోతుందని చెప్పాడు. ఈ రోజు మనం చెప్పుకొనేదానికి అది చాలా దగ్గర. వీటి గురించి అమెరికన్లకు తెలుసు, చదివారు, చర్చించారు. పైగా మంచుయుగాలకు కారణం తెలియకపోయినా మంచుయుగాలను ఒప్పుకొన్నవాళ్లే వాళ్లు. కారణం తెలియకపోవడం ఒక్కటే అడ్డయితే చాలా సంగతులు అడ్డంపడి ఉండాలి.

ఒరెస్కెస్ చెప్పేది ఇది: అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞులకు శాస్త్రం ఎలా చేయాలన్న విషయంలో గట్టి పట్టింపులుండేవి. ముందు ఆధారాలు పోగుచేయాలి, ఒకేసారి అనేక ఊహలను పక్కపక్కన పెట్టుకుని తూచాలి, ఒక్క ఊహకే మనసిచ్చి దానికోసం వాదించకూడదు. టి.సి. చాంబర్లిన్ 1890లో బోధించిన పద్ధతి అది. వెగెనర్ పుస్తకం వకీలు వాదనలా ఉంది. అనుకూలమైన సాక్షులందరినీ పిలిచాడు, ప్రతికూలమైనవాళ్లను తేలిగ్గా పంపించేశాడు. వాళ్లకు నచ్చనిది ఆ తీరు. అందుకే శిలాజాల చిక్కును విప్పడానికి షూకర్ట్, విల్లిస్ వంటివాళ్లు 1932లో ఖండాల మధ్య సన్నటి నేల వంతెనలు ఉండేవని ఊహించారు తప్ప ఖండాలను కదలనివ్వలేదు.

వాళ్లు మూర్ఖులు కారు, సోమరులు కారు. నిజాయతీగా, తమ పద్ధతి ప్రకారం ఆలోచించి తప్పు నిర్ణయానికి వచ్చారు. ఆ పుస్తకంలో నన్ను కదిలించింది ఇదే. వెగెనర్‌ను వీరుణ్ని చేసి మిగతావాళ్లను దుష్టులుగా చూపే కథ రాయడం తేలిక.

ఈ కథలో భారతదేశం పాత్ర ఉందంటారు. ఏమిటది?

ఉంది, అదీ నడిమధ్యలో. కాస్త వివరంగా చెప్పాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి కొలిచిన మహా త్రికోణమితి సర్వే గురించి వినే ఉంటారు. లాంబ్టన్ మొదలుపెట్టాడు, జార్జ్ ఎవరెస్ట్ కొనసాగించాడు. ఆ రేఖ మీద ఒక ముఖ్య కేంద్రం అప్పటి నిజాం రాజ్యంలోని దామర్‌గిద్ద, దానికి ఉత్తరాన మధ్య భారతంలో కల్యాణ్‌పూర్, ఇంకా ఉత్తరాన హిమాలయాలకు దగ్గరగా కల్యాణా. ఈ చివరి రెండింటి మధ్య దూరాన్ని రెండు రకాలుగా కొలిచారు: నేల మీద త్రిభుజాలు గీసుకుంటూ, నక్షత్రాలను చూసి అక్షాంశం కట్టుకుంటూ. రెండు జవాబులకూ 5.236 సెకన్ల కోణం తేడా వచ్చింది. నేల మీద అది దాదాపు 160 మీటర్లు. ఆరు వందల కిలోమీటర్లలో 160 మీటర్లంటే మనకు లెక్కలోకి రాదు. కొలతే ప్రాణంగా బతికే సర్వేయర్లకు నిద్రపట్టని తేడా.

నక్షత్రాలను చూసేటప్పుడు నిలువు ఏదో తేల్చేది చివరికి తాపీమేస్త్రీ దారానికి కట్టి వేలాడదీసే తూకపు గుండు లాంటిదే. పక్కన కొండల రాశి ఉంటే గుండు అటు కొద్దిగా లాగబడుతుంది. కలకత్తాలో చర్చి ఆర్చ్‌డీకన్‌గా ఉన్న గణితజ్ఞుడు జాన్ ప్రాట్, హిమాలయాలు ఎంత లాగాలో 1855లో కూర్చుని లెక్కగట్టాడు. తేడా 15.885 సెకన్లు రావాలి. వచ్చింది అందులో మూడోవంతు. హిమాలయాలు తమ బరువుకు తగ్గట్టు లాగడం లేదు! అంటే వాటి కింద ఏదో లోటు ఉండాలి.

లోటు ఎలా ఉందన్న దానికి రెండు జవాబులు వచ్చాయి. ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ చెప్పినది: నీళ్లలో దుంగలు తేలినట్టు తేలికైన పైపొర బరువైన దాని మీద తేలుతోంది, ఎత్తైన పర్వతానికి లోతైన వేరు ఉంది. ప్రాట్ తర్వాత చెప్పినది: అడుగు అంతటా ఒకే లోతులో ఉంది, ఎత్తుగా ఉన్నచోట రాయి సాంద్రత తక్కువ, అంతే. పాఠ్యపుస్తకాలు సమస్థితి అని పిలిచే సిద్ధాంతం ఇదే, ఇంగ్లిషు పేరు ఐసోస్టసీ.

అమెరికా సర్వేలో జాన్ హేఫర్డ్, ఆయన తర్వాత విలియం బౌయీ ప్రాట్ నమూనాను తీసుకున్నారు. లెక్క తేలిక కాబట్టి. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో అది చిన్న కారణం కాదు. ఆ నమూనాతో వాళ్ల కొలతలు అద్భుతంగా కుదిరాయి. అంత బాగా కుదిరేసరికి, లెక్క కోసం అనుకున్న ఊహ నేల అసలు స్వరూపమే అనిపించసాగింది. ఎయిరీ బొమ్మలో ఖండాలు తేలే దుంగలు, పక్కకు జరగడం ఊహించవచ్చు. ప్రాట్ బొమ్మలో ప్రతి రాతి స్తంభం ఉన్నచోటే తన బరువు తాను సరిచూసుకుని నిలబడి ఉంది. పక్క నుంచి నొక్కి పర్వతాలను లేపితే ఆ లెక్క చెదిరిపోతుంది. ఖండ చలనాన్ని ఒప్పుకొంటే, తమ శాస్త్రం సాధించిన గొప్ప విజయాన్ని వదులుకోవాలి. వదులుకోలేదు. అలాగని బౌయీ కళ్లు మూసుకుని కూర్చోలేదు కూడా. ఖండాలు కదులుతున్నాయో లేదో తేల్చడానికి 1926లో ప్రపంచమంతటా రేఖాంశాల కొలత జరిగినప్పుడు ఆయన చేయూతనిచ్చాడు. ఆనాటి పరికరాలకు అంత సూక్ష్మమైన కదలిక అందలేదు, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే మరి.

గంగా మైదానం అంచున పట్టుబడిన 160 మీటర్ల తేడా, డెబ్బై ఏళ్ల తర్వాత వాషింగ్టన్‌లో ఒక సిద్ధాంతానికి తలుపు మూసింది. ఈ భాగం చదువుతున్నప్పుడు మన సర్వే చరిత్ర పుస్తకాలు మళ్లీ తీయాలనిపిస్తుంది.

కంప్యూటర్ నమూనాలను నమ్మవద్దని ఆమే రాశారట. మరి వాతావరణ నమూనాలను ఎలా సమర్థిస్తారు?

1994లో ‘సైన్స్’ పత్రికలో క్రిస్టిన్ ష్రేడర్-ఫ్రెషెట్, కెన్నెత్ బెలిట్జ్‌లతో కలిసి రాసిన వ్యాసం గురించి ఇది. బెలిట్జ్ ఆమె భర్త, భూగర్భ జలాల నిపుణులు. ప్రకృతిలోని ఏ వ్యవస్థా మూత పెట్టిన డబ్బా కాదు, అన్నిటినీ కొలవలేం, కాబట్టి నమూనా సత్యమని నిరూపించామని చెప్పుకోవడం కుదరదన్నది వాళ్ల వాదన. అణు వ్యర్థాలను వేల ఏళ్లపాటు నేలలో భద్రంగా దాచవచ్చని నమూనాలు చూపి హామీలిచ్చే రోజులవి.

నమ్మవద్దని ఎక్కడా అనలేదు. నమూనా మన ఆలోచనను పదునుపెట్టే పనిముట్టు, తీర్పు కాదు అన్నారు. భూమి వేడెక్కుతోందన్న నిర్ణయం నమూనాల మీద మాత్రమే నిలబడలేదు కూడా. కొలతలు, పాత మంచు, భౌతిక శాస్త్ర సూత్రాలు అన్నీ ఒకే వైపు చూపుతున్నాయి. ఇందులో వైరుధ్యం నాకు కనిపించలేదు.

శాస్త్రంలో మహిళల గురించి కూడా రాశారా?

రాశారు. 1996 నాటి ఒక వ్యాసం మాత్రం తప్పక చెప్పాలి. కథ ఎలియనార్ లామ్సన్‌ది.

1928లో డచ్ శాస్త్రవేత్త వెనింగ్ మీనెస్ అమెరికా నౌకాదళపు జలాంతర్గామి ఎస్-21లో కరీబియన్ సముద్రంలో తిరుగుతూ గురుత్వాకర్షణ కొలిచాడు. అలలకు ఊగే ఓడలో లోలకం పనిచేయదు, నీటి కిందికి దిగితే పనిచేస్తుంది. జలాంతర్గామిలో శాస్త్రవేత్తలనేసరికి ఆ యాత్రకు సాహసగాథ హంగు వచ్చింది. కానీ జలాంతర్గామి తెచ్చింది గురుత్వపు విలువలు కాదు, లోలకాల ఊపును నమోదు చేసిన ఫొటో కాగితాలు. వాటిని చదివి, గడియారపు తప్పులు, ఉష్ణోగ్రత, ఓడ కదలిక అన్నీ సరిదిద్ది అంకెలు తీయాలి. వాషింగ్టన్‌లోని నౌకాదళ ఖగోళ వేధశాలలో బల్ల ముందు కూర్చుని ఆ పని చేసింది లామ్సన్. ఆమె లెక్కలు లేకపోతే ఆ యాత్ర ఒక విహారం. నివేదికలో ఆమె పేరు లెక్కల పద్ధతి వివరించిన భాగం మీద ఉంది. జనానికి గుర్తున్నది జలాంతర్గామి.

స్త్రీలు భావోద్వేగులని, శాస్త్రం నిష్పాక్షికమని, అందుకే వాళ్లు కనిపించలేదని ఒక పాత వివరణ ఉంది. లామ్సన్ చేసినదానికంటే నిష్పాక్షికమైన పని ఏముంటుందని ఒరెస్కెస్ అడుగుతారు. శాస్త్రం తన గురించి చెప్పుకొనే కథ నిష్పాక్షికత కాదు, వీరత్వం. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు ఆ కథలో చోటు లేదు.

928 వ్యాసాల సంగతి ఏమిటి?

2004 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం. వాతావరణ మార్పు మీద శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదని పత్రికలు రాస్తున్న కాలం. ఆమె 1993–2003 మధ్య శాస్త్ర పత్రికల్లో వచ్చిన 928 వ్యాసాల సంగ్రహాలు తీసి వర్గీకరించారు. మూడు వంతులు మనుషుల వల్లే భూమి వేడెక్కుతోందన్న అభిప్రాయాన్ని నేరుగానో పరోక్షంగానో ఒప్పుకొన్నవి. మిగిలిన వంతు పద్ధతుల గురించో ప్రాచీన వాతావరణం గురించో రాసినవి, ఈ విషయంలో ఏ పక్షమూ తీసుకోనివి. కాదన్నది ఒక్కటీ లేదు.

అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ వాతావరణ మార్పు డాక్యుమెంటరీ వల్ల ఈ సంఖ్య ఊరూరా తిరిగింది. దాంతో తిట్లూ బెదిరింపులూ మొదలయ్యాయి.

‘మర్చంట్స్ ఆఫ్ డౌట్’ దేని గురించి?

ఆ తిట్లలోంచే పుట్టిన పుస్తకం. నాసా చరిత్ర రాసే ఎరిక్ కాన్వే అప్పటికి ఓజోన్ పొర వివాదం కాగితాలు చదువుతున్నారు. తన మీద దాడిచేస్తున్నవాళ్ల పేర్లే అక్కడా ఉన్నాయని ఆమెకు తెలిసింది. ఇద్దరూ వెనక్కి తవ్వుకుంటూ పోతే ఆమ్ల వర్షం దగ్గర అవే పేర్లు, పొగాకు దగ్గర కూడా. పుస్తకం 2010లో వచ్చింది, 2014లో దాని మీద డాక్యుమెంటరీ తీశారు.

ముఖ్యులు నలుగురు: ఫ్రెడరిక్ సైట్జ్, ఫ్రెడ్ సింగర్, విలియం నీరెన్‌బర్గ్, రాబర్ట్ జాస్ట్రో. ఎవరూ చిల్లర మనుషులు కారు. సైట్జ్ అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ అధ్యక్షుడిగా చేసిన భౌతిక శాస్త్రవేత్త. నీరెన్‌బర్గ్ స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు రెండు దశాబ్దాలు డైరెక్టర్. సైట్జ్ 1979 నుంచి ఒక పెద్ద సిగరెట్ కంపెనీ తరఫున 4.5 కోట్ల డాలర్ల పరిశోధన నిధులు పంచే పని చేశాడు. పొగ తాగితే ప్రమాదం లేదని నిరూపించాల్సిన అవసరం వాళ్లకు లేదు. ఇంకా తేలలేదు అనిపిస్తే చాలు. సందేహమే తమ సరుకని 1969లో ఒక సిగరెట్ కంపెనీ అంతర్గత పత్రంలో రాసుకున్నారు. కంపెనీ కాగితాలు కోర్టుల ద్వారా బయటపడ్డాయి కాబట్టి ఇవన్నీ ఊహలు కావు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. డబ్బుకు అమ్ముడుపోయారని పుస్తకం చెప్పదు. ప్రచ్ఛన్న యుద్ధంలో బాంబులు, రాకెట్లు తయారుచేసిన తరం వాళ్లది. ప్రభుత్వం పొగాకును నియంత్రిస్తే రేపు బొగ్గును, ఎల్లుండి అన్నింటినీ నియంత్రిస్తుంది, అది సోషలిజానికి తోవ అని వాళ్ల భయం. మార్కెట్ మీద మమకారంతో శాస్త్రాన్ని బలిచ్చారన్నది పుస్తకం తీర్పు. ఆ మమకారం ఎక్కడి నుంచి వచ్చిందో 2023 నాటి ‘ది బిగ్ మిత్’లో ఇద్దరూ మళ్లీ వెతికారు. అది కాస్త లావుపాటి పుస్తకం, ఓపిక కావాలి.

చమురు కంపెనీ ఎక్సాన్ పత్రాలను పరిశీలించింది కూడా ఆమేనా?

జెఫ్రీ సుప్రాన్‌తో కలిసి. 2017లో ఆ కంపెనీకి చెందిన 187 పత్రాలు చదివి లెక్కవేశారు. అంతర్గత పత్రాల్లో 80 శాతం, శాస్త్ర వ్యాసాల్లో 83 శాతం వాతావరణ మార్పు నిజమని, మనుషుల వల్లేనని ఒప్పుకొన్నాయి. జనం చదివే పత్రికల్లో డబ్బిచ్చి వేయించిన వ్యాసాల్లో ఒప్పుకొన్నవి 12 శాతం, సందేహం రేపినవి 81 శాతం. 2023లో స్టెఫాన్ రామ్‌స్టోర్ఫ్ కూడా కలిసి, ఆ కంపెనీ శాస్త్రవేత్తలు ముందే వేసిన అంచనాల్లో 63 నుంచి 83 శాతం తర్వాతి వేడితో సరిపోయాయని చూపారు. ఇంటి లోపల ఒక మాట, వీధిలో ఒక మాట.

శాస్త్రవేత్తలంతా ఒప్పుకొంటే అది నిజమే అంటారా? ఖండ చలనం దగ్గర అంతా కలిసి పొరబడ్డారు కదా?

ఆమెను ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఇదే. ఆమె తనను తానే అడుగుకున్నారు, 2019 నాటి ‘వై ట్రస్ట్ సైన్స్?’లో.

మొదట, ఖండ చలనం మీద ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదని గుర్తుచేస్తారు. అమెరికన్లు కాదన్నారు, బ్రిటన్‌లో, దక్షిణాఫ్రికాలో చాలామంది ఔనన్నారు. తర్వాత ఆమె ఎంచుకున్న ఉదాహరణ నాకు అన్నిటికంటే ఇష్టం. 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే హార్వర్డ్ వైద్యుడు, శరీరంలో శక్తి పరిమితం, ఆడపిల్లలు చదువుకు శక్తి ఖర్చుచేస్తే గర్భాశయానికి మిగలదని పుస్తకం రాశాడు. ఆధారం? ఏడుగురు యువతుల కథలు. చదువు మగపిల్లల శరీరాన్ని ఏం చేస్తుందని ఆయనకు అనుమానం రాలేదు. మేరీ పట్నం జాకోబీ అనే వైద్యురాలు 268 మంది స్త్రీలను ప్రశ్నలడిగి, 1877లో ఆ వాదాన్ని తునాతునకలు చేసింది. క్లార్క్ కంటే మెరుగైన పద్ధతి ఆమెది. కానీ అప్పటి వైద్య విద్యాసంస్థల్లో ఆమె లాంటివాళ్లు ఎందరు?

గదిలో అందరూ ఒకే రకం మనుషులైతే, అందరికీ కనిపించని గుంత ఒకటే. ఒరెస్కెస్ దృష్టిలో శాస్త్రాన్ని నమ్మదగినదిగా చేసేది ఏదో మంత్రంలాంటి పద్ధతి కాదు. తేడా తేడా నేపథ్యాల మనుషులు ఒకరి మాటను ఒకరు నిలదీసుకుని, ఆ నిలదీత తర్వాత కూడా మిగిలే ఒప్పందం. ఆ పుస్తకంలో పళ్ల సందులు శుభ్రం చేసే దారం గురించి కూడా ఒక భాగం ఉంది. గట్టి ప్రయోగాలు తక్కువ జరిగాయి కాబట్టి దారం పనికిరాదని పత్రికలు గోల చేశాయి. చెయ్యని ప్రయోగాన్ని వ్యతిరేక ఫలితంగా చదవకండి అంటారామె.

ఆమె మీద విమర్శలు లేవా?

ఉన్నాయి. 928 వ్యాసాల లెక్క తప్పని కొందరు దాడిచేశారు, అవి పెద్దగా నిలబడలేదు. చరిత్రకారులు తీర్పరులు కాకూడదని, ఆమె ప్రచారకురాలిగా మారారని ఇంకొందరి ఫిర్యాదు. అణువిద్యుత్తు తప్పనిసరి అన్న జేమ్స్ హాన్సెన్ వంటి వాతావరణ శాస్త్రవేత్తల వాదనను 2015లో ఆమె కొత్త రకం తిరస్కారంగా వర్ణించినప్పుడు స్వపక్షం వాళ్లే నొచ్చుకున్నారు. అక్కడ ఆమె మాట తూలారనే నా అభిప్రాయం. జీవితమంతా శాస్త్రం కోసం నిలబడ్డవాళ్లను సిగరెట్ కంపెనీల వరుసలో కూర్చోబెట్టడం సబబు కాదు. విధానం మీద భిన్నాభిప్రాయం వేరు, సందేహాల వ్యాపారం వేరు అని మనకు నేర్పింది ఆమే కదా.

సముద్ర శాస్త్రం మీద కూడా పుస్తకం ఉందా?

2021లో వచ్చిన ‘సైన్స్ ఆన్ ఎ మిషన్’. అమెరికా నౌకాదళం సొమ్ముతో సముద్రం గురించి ఏమేం తెలిసింది, ఏమేం తెలియకుండా పోయింది అన్నది విషయం. జలాంతర్గాములకు పనికొచ్చే ధ్వని, ఉష్ణోగ్రత పొరల గురించి కొండంత తెలిసింది. జీవరాశి గురించి అడిగేవాళ్లకు నిధులు కరువు. 1990లలో సముద్రం వేడెక్కడాన్ని కొలవడానికి నీటిలో శబ్దాలు పంపుతామని స్క్రిప్స్ శాస్త్రవేత్తలు ముందుకొస్తే, తిమింగలాలకు ఏమవుతుందని జనం ఎదురుతిరిగారు. దశాబ్దాలుగా రహస్యంగా పనిచేసినవాళ్లకు ఆ అపనమ్మకం ఎందుకో అర్థం కాలేదు.

పురస్కారాలు?

చాలా ఉన్నాయి. గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్, అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ ఫెలోషిప్, 2019లో బ్రిటిష్ అకాడమీ పతకం. జాబితా ఇక్కడితో ఆపుతాను.

మొదట ఏ పుస్తకం చదవాలి?

వార్తలు, రాజకీయాలు ఇష్టమైతే ‘మర్చంట్స్ ఆఫ్ డౌట్’, ఏ అధ్యాయమైనా విడిగా చదువుకోవచ్చు. సమయం తక్కువైతే కాన్వేతో కలిసి 2014లో రాసిన ‘ది కొలాప్స్ ఆఫ్ వెస్టర్న్ సివిలైజేషన్’, ఒక సాయంత్రంలో అయిపోతుంది. 2393వ సంవత్సరంలో ఒక చరిత్రకారుడు మన కాలం గురించి రాస్తున్నట్టు సాగుతుంది. భూగర్భ శాస్త్రం విద్యార్థులైతే మాత్రం ఖండ చలనం పుస్తకమే. అందులో సమస్థితి అధ్యాయానికి రాగానే పక్కన ఒక భారతదేశ పటం, ఒక పెన్సిలు పెట్టుకోండి. దామర్‌గిద్ద ఇప్పటి పటాల్లో తేలిగ్గా దొరకదు. 18 డిగ్రీల 3 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర, బీదరుకు పెద్ద దూరం లేనిచోట వెతకాలి.